పంపించడానికే తెచ్చుకునే కుక్కపిల్ల: ఇంట్లో ఫాస్టరింగ్, మొదటి ఫోన్ నుంచి అప్పగింతల దాకా

ఫాస్టరింగ్ అంటే షెల్టర్‌లోని కుక్కపిల్లను, దత్తత తీసుకునేవాళ్ళు దొరికేదాకా మనింట్లో ఉంచుకుని చూసుకోవడం. ఇది మా అమ్మకు చెప్పడానికి పది నిమిషాలు కష్టపడ్డాను. ఆవిడ అంతా విని ఒక్క ముక్కలో తేల్చేసింది: "పురిటికొచ్చిన పిల్లనుకో. తిండి పెడతావ్, ఒంట్లో బలం పట్టేదాకా చూస్తావ్, తర్వాత వాళ్ళింటికి పంపిస్తావ్. ఏడుపొస్తే ఏడువు, పంపడం మాత్రం మానకు." ఇప్పటిదాకా మా ఫ్లాట్‌లో పదకొండు కుక్కపిల్లలు, రెండు పెద్ద కుక్కలు ఉండి వెళ్ళాయి కానీ ఆ మాటకు నేను కొత్తగా కలపగలిగింది ఏమీ లేదు. కాకపోతే తిండి పెట్టడానికీ పంపించడానికీ మధ్య బోలెడు పనుంది, అందులో సగం ఆ పిల్ల మన గడప దాటకముందే అయిపోవాలి. అది తెలియక నేను చేసిన తప్పులన్నీ కలిపితే ఈ గైడ్ అయింది.

ఇక్కడ చెప్పేది ముఖ్యంగా రెండు నెలలు అటూ ఇటూ వయసున్న వీధి కుక్కపిల్లల గురించి. అసలు వాటికి షెల్టర్ ఉండగా మన ఇల్లెందుకు అంటారా? 1992లో మొదలైన బ్లూక్రాస్ ఆఫ్ హైదరాబాద్ లాంటిదైనా, విశాఖలోని వీఎస్‌పీసీఏ లాంటిదైనా, ఏ షెల్టర్‌కైనా రోజూ దెబ్బలు తగిలినవీ, రోగాలొచ్చినవీ వస్తూనే ఉంటాయి, వాటి కోసమే అది పెట్టింది. టీకాలు పూర్తికాని పసిదాన్ని పదిమంది పేషెంట్లున్న వార్డులో పడుకోబెడితే ఎలా ఉంటుందో ఇదీ అంతే. నాలుగు వారాలు ఒక మామూలు ఇంట్లో, ఒక మూల, శుభ్రంగా ఉంటే చాలు, బతికే అవకాశం బాగా పెరుగుతుంది.

ఒక్క మాట ముందే. వీధిలో ఆరోగ్యంగా తిరుగుతున్న పెద్ద కుక్కను జాలిపడి ఇంటికి తెచ్చేయడం ఫాస్టరింగ్ కాదు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం వీధికుక్కకు ఆపరేషన్, రేబిస్ టీకా అయ్యాక పట్టుకొచ్చిన చోటే వదలాలి. తల్లి పోయిన పిల్లలు, దెబ్బ తగిలి కోలుకుంటున్నవి, ఎవరో పెంచి రోడ్డు మీద వదిలేసినవి, ఇవీ మన దగ్గరికి రావాల్సినవి.

ముందు ఇంట్లో తేల్చుకోండి

ఇంట్లో అందరూ ఒప్పుకున్నారా అని కాదు, ఒప్పుకోని వాళ్ళు ఎవరు, ఎందుకు అని అడగండి. మా అత్తయ్యగారికి కుక్క అంటే కోపమేం లేదు, పూజగది వైపు రాకుండా చూడమన్నారు, అంతే. తలుపుకు అడ్డంగా ఒక ప్లైవుడ్ చెక్క పెట్టాం, గొడవ తీరిపోయింది. పగలంతా ఇంట్లో ఎవరూ ఉండరా? అయితే రెండు నెలల పిల్ల వద్దు, ఆపరేషనై కోలుకుంటున్న పెద్ద కుక్కను అడగండి, దానికి మన అవసరం తక్కువ. పాకే పిల్లలున్న ఇంట్లో ఇప్పుడు వద్దు, ఆగండి. ఇంట్లో ఇప్పటికే కుక్క ఉంటే దాని టీకాల కార్డు తీసి చూడండి, ఏడాది దాటిపోతే ముందు దానికి వేయించండి.

అపార్ట్‌మెంట్ సంగతి. అసోసియేషన్ వాళ్ళు పెంపుడు జంతువులే వద్దని తీర్మానం చేసినా అది చెల్లదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలిచ్చింది, మెజారిటీ ఓటు వేసినా సరే. కానీ ఆ కాగితం జేబులో పెట్టుకుని పక్కింటి ఆంటీకి ముందురోజే చెప్పడం మంచిది: "ఒక నెల చిన్న కుక్కపిల్ల ఉంటుంది ఆంటీ, మొదటి రెండు రాత్రులు ఏడుస్తుంది, కాస్త ఓర్చుకోండి." నేను చెప్పకుండా తెచ్చినప్పుడు గొడవ వాచ్‌మన్ దాకా వెళ్ళింది, చెప్పి తెచ్చినప్పుడు ఆ ఆంటీయే పెరుగన్నం గిన్నె పట్టుకొచ్చింది. అద్దె ఇల్లయితే ఓనర్‌కు కూడా చెప్పాలి, వేరే దారి లేదు.

షెల్టర్ వాళ్ళతో వాట్సాప్‌లో రాయించుకోవాల్సినవి

నోటిమాట కాదు, రాతలో ఉండాలి. అపనమ్మకంతో కాదు, రాత్రి పదకొండింటికి పిల్ల వాంతులు చేసుకుంటుంటే ఎవరికి ఫోన్ చేయాలో వెతుక్కోకూడదు కాబట్టి.

మందులకూ వెట్ (పశువుల డాక్టర్) ఫీజుకూ డబ్బులెవరివి? మనమే పెట్టి తర్వాత బిల్లు పంపాలంటే ఎంతవరకు అడగకుండా పెట్టొచ్చు? ఏ క్లినిక్‌కు వెళ్ళాలి, అది మూసి ఉంటే ఎక్కడికి? ఎప్పటిదాకా ఉంచుకోవాలి, ఆ తేదీకి కూడా ఎవరూ దత్తత తీసుకోకపోతే వెనక్కి తీసుకుంటారా? ఈ చివరి ప్రశ్నకు "చూద్దాం లెండి" అనే జవాబు వస్తే ఒప్పుకోకండి. తేదీ లేని ఫాస్టరింగ్ మూడో నెలలో తగవుగా మారుతుంది, మీరు వాళ్ళ ఫోన్లూ వాళ్ళు మీ ఫోన్లూ ఎత్తకుండా తిరుగుతారు.

చాలామంది అడగని ప్రశ్న ఇంకోటుంది: దీంతోపాటు పుట్టిన పిల్లలు ఎలా ఉన్నాయి? ఒకటి చనిపోయిందంటే దేంతో పోయిందో కనుక్కోండి. "ఏమో, నీరసంగా ఉండి పోయింది" అంటే మీ ఇంటికొచ్చేది కూడా అదే జబ్బును కడుపులో పెట్టుకుని వస్తోందేమో అని లెక్కేసుకుని సిద్ధం కావాలి.

గది

గదంటే బెడ్‌రూమ్ అక్కర్లేదు. ఫ్లాట్లలో వంటింటి వెనక యుటిలిటీ ఉంటుందే, గచ్చు కడగడానికి వీలుగా, అదే అన్నిటికంటే బాగుంటుంది. బాల్కనీ అయితే గ్రిల్ సందుల్లోంచి పిల్ల తల పడుతుందేమో చూడండి, పడితే అడుగున్నర ఎత్తు దాకా దోమల మెష్ కట్టేయండి. కింద నాలుగు పొరల పాత పేపర్లు, ఒక మూల గోనెసంచి మీద మడతపెట్టిన పాత నూలు చీర, బోర్లా పడని బరువైన నీళ్ళ గిన్నె, తిండికి వేరే ప్లేటు. ఇవి మీ ఇంట్లో ఉన్నవే, ఆన్‌లైన్‌లో బొమ్మల పరుపు కొనకండి, మూడో రోజుకు చింపేస్తుంది.

నేల మీదున్నవన్నీ ఎత్తేయండి: చీపురు, వైర్లు, బొద్దింకల చాక్, ఎలుకల మందు, బీరువా అడుగుకు దొర్లిపోయిన కలరా ఉండలు, పూజ కర్పూరం. ఫినాయిల్‌తో తుడిచిన నేల ఆరేదాకా పిల్లను వదలొద్దు. పిల్లికూనను తెస్తుంటే ఫినాయిల్ అసలే వాడకండి, పిల్లుల ఒంటికి అది పడదు, పాదాలకంటింది నాకినా చాలు ప్రమాదం.

మొదటి రాత్రి

ఏడుస్తుంది. ఖాయంగా ఏడుస్తుంది. అక్కచెల్లెళ్ళతో గుంపుగా, ఒకదాని మీద ఒకటి పడుకున్నది ఇవాళ ఒంటరిగా పడుకుంటోంది మరి. తెచ్చిన రోజు చుట్టాలను పిలవకండి, స్నానం చేయించకండి, కొత్త తిండి పెట్టకండి. షెల్టర్‌లో ఏం తిన్నదో అదే పెట్టి, నీళ్ళు పెట్టి, వదిలేయండి. గోరువెచ్చని నీళ్ళ సీసాను పాత టవల్‌లో చుట్టి చీర పక్కన పెడితే చాలావరకు సర్దుకుంటుంది. నేనైతే మొదటి రెండు రాత్రులు యుటిలిటీ తలుపు దగ్గరే చాప వేసుకుంటాను, తలుపు సందులోంచి వేలు పెడితే దాన్ని చప్పరిస్తూ నిద్రపోతుంది. మంచం మీదికి మాత్రం తేను. రేపు దీన్ని తీసుకునే వాళ్ళింట్లో మంచం ఉంటుందో ఉండదో మనకు తెలియదు కదా.

పద్నాలుగు రోజులు ఒంటరి

ఈ భాగం కాస్త పెద్దది, ఎందుకంటే ఇక్కడ ఒక పిల్లను పోగొట్టుకున్నాను.

అది నా రెండో ఫాస్టర్. చూడ్డానికి గుండ్రంగా, హుషారుగా ఉంది, అందుకని మూడో రోజే కిందికి తీసుకెళ్ళి పార్కులో వదిలాను, కాలనీ పిల్లలందరూ ఎత్తుకున్నారు. ఐదో రోజు పొద్దున తిండి ముట్టలేదు. ఎండ ఎక్కువగా ఉంది కదా అనుకున్నాను. సాయంత్రానికి నురగ వాంతులు, రాత్రికి నెత్తురు విరేచనాలు, ఆ వాసన ఒకసారి చూస్తే జీవితంలో మర్చిపోలేం. దగ్గర్లోని ఒక క్లినిక్‌కు ఫోన్ చేస్తే రేపు తీసుకురమ్మన్నారు. రేపటికి ఆలస్యమైపోయింది. పార్వో.

పార్వో వైరస్ ఒంట్లోకి చేరాక లక్షణాలు బయటపడ్డానికి మామూలుగా మూడు నుంచి ఏడు రోజులు, ఒక్కోసారి 14 రోజుల దాకా పడుతుంది. అందుకే ఆ 14 రోజుల లెక్క. హుషారుగా ఉన్నంత మాత్రాన జబ్బు లేదని కాదు, ఇంకా బయటపడలేదేమో. డిస్టెంపర్ అనే ఇంకో వైరస్ జబ్బు ఇంకొంచెం నిదానం: కళ్ళలో పుసులు, ముక్కు కారడం, దగ్గు, తర్వాత ఒళ్ళు అదరడం. ఈ రెండు వారాలూ పిల్ల నేల మీద కాలు పెట్టేది మీ గదిలో మాత్రమే. పార్కు లేదు, లిఫ్ట్ లాబీ లేదు, పక్కింటి లాబ్రడార్‌తో ఫ్రెండ్‌షిప్ లేదు. మీ ఇంటి కుక్కకూ దీనికీ గిన్నెలు వేరు, తుడిచే గుడ్డలు వేరు. ఆ గదిలోకి వెళ్ళడానికి ఒక జత చెప్పులు తలుపు దగ్గరే వదిలేయండి, బయటికొచ్చాక చేతులు సబ్బుతో కడుక్కోండి. కోవిడ్ అప్పుడు చేశాం కదా ఇదంతా, మనకు కొత్తేం కాదు.

శుభ్రం చేయడానికి మామూలు సబ్బునీళ్ళు, ఫినాయిల్ పార్వోను చంపుతాయని నమ్మకండి. ముందు మలాన్ని, మురికిని పూర్తిగా కడిగేసి, తర్వాత ఒక పాలు బ్లీచ్ ద్రావణానికి ముప్పై పాళ్ళు నీళ్ళు కలిపి పోసి, పది నిమిషాలు తడిగా ఉంచి, మళ్ళీ మంచి నీళ్ళతో కడగాలి. పిల్లను వేరేచోట ఉంచి చేయండి, కిటికీలు తెరవండి, బాత్‌రూమ్ యాసిడ్‌నూ బ్లీచ్‌నూ ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది. కుండీల మట్టిలో, తోటలో పడ్డ వైరస్ నెలల తరబడి ఉండిపోతుంది, దాన్ని కడగలేం. అందుకే ఆ పిల్ల పోయాక ఏడాది పాటు నేను కుక్కపిల్లల్ని తెచ్చుకోలేదు, టీకాలన్నీ అయిన పెద్ద కుక్కలు రెండింటిని ఉంచుకున్నాను. మీ ఇంట్లో ఎప్పుడైనా పార్వో వచ్చి ఉంటే ఆ సంగతి షెల్టర్‌కు చెప్పి తీరాలి. సిగ్గుపడాల్సిన పనేం లేదు, దాస్తే మాత్రం తర్వాతి పిల్ల ప్రాణం మీదికి వస్తుంది.

ఇక లెక్క: చిన్నపిల్ల ఒక పూట తిండి మానేస్తే ఆ పూటే ఫోన్ చేయాలి. రెండోసారి వాంతి చేసుకున్నా, విరేచనంలో నెత్తురు కనపడినా, చిగుళ్ళు తెల్లగా, జిగటగా ఉన్నా, ఒళ్ళు చల్లబడినా వెంటనే బయలుదేరాలి. పొద్దున చూద్దాం అనే మాట వద్దు. ఒక డిజిటల్ థర్మామీటర్ దీనికోసమే ఉంచుకోండి, కుక్కకు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ మామూలే, మన లెక్కలో చూసి జ్వరమని కంగారుపడొద్దు. క్రోసిన్, డోలో లాంటివి ఇవ్వొద్దు. పిల్లికైతే పారాసిటమాల్ ఒక్క మాత్ర చాలు ప్రాణం తీయడానికి.

తిండి

అందరూ చేసే మొదటి తప్పు ఆవుపాలు. పాపం పసిది కదా అని పాకెట్ పాలు పోస్తారు, తెల్లారేసరికి గదంతా విరేచనాలు. రెండు నెలలు దాటిన పిల్లకు పాలతో పనిలేదు, అంతకంటే చిన్నదైతే కుక్కపిల్లల పాలపొడి మెడికల్ షాపుల్లో, పెట్ షాపుల్లో దొరుకుతుంది. కళ్ళు కూడా తెరవని పిల్లను మొదటిసారి ఫాస్టర్ చేసేవాళ్ళు తీసుకోకండి, దానికి రెండు మూడు గంటలకోసారి పాలు పట్టాలి, తడి దూదితో తుడిచి ఒంటికి రెంటికి పోయించాలి, వేడి చూసుకోవాలి. అది నేర్చుకున్నవాళ్ళు చేసే పని.

రెండు నెలల పిల్లకు రోజుకు నాలుగుసార్లు, కొంచెం కొంచెంగా. మూడు నెలలు దాటాక మూడుసార్లు. షెల్టర్ వాళ్ళు పప్పీ ఫుడ్ ఇస్తే దాన్ని గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి పెట్టండి. ఇంటి తిండైతే మెత్తగా ఉడికించిన అన్నం, ఎముకలు తీసేసిన చికెన్ లేదా గుడ్డు, కాస్త గుమ్మడికాయ. ఉప్పు, కారం, మసాలా, తాలింపు ఏదీ వద్దు. కొంచెం పెరుగు పర్వాలేదు, పడుతుందో లేదో చూసుకుని పెట్టండి, కానీ ఉత్త పెరుగన్నంతో నెల గడిపేస్తే బొజ్జ పెరుగుతుంది, కండ రాదు. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కుక్కలకు విషం. పులిహోరలోనో ప్రసాదంలోనో కిస్‌మిస్ ఉండి పిల్లలు ప్రేమగా పెడతారు, జాగ్రత్త. ఉడికిన కోడి ఎముక చీలికలై పేగుల్లో గుచ్చుకుంటుంది.

ఏ రెండు రోజులకోసారో కూరగాయల కాటాలో తూకం వేసి రాసిపెట్టుకోండి. పెరుగుతోందంటే మిగతావన్నీ సర్దుకుంటాయి. ఆగిపోయిందంటే నులిపురుగులో, ఇంకేదో ఉన్నట్టు.

టీకాలు, నులిపురుగులు, పిడుదులు

మొదటి కంబైన్డ్ టీకా (పార్వో, డిస్టెంపర్ లాంటివాటికి కలిపి వేసేది) ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య, తర్వాత మూడు నాలుగు వారాలకోసారి బూస్టర్లు, పదహారు వారాలు నిండేదాకా. ఒక్క డోసు పడగానే రక్షణ వచ్చేసిందని పార్కుకు తీసుకెళ్ళొద్దు. రేబిస్ టీకా మూడు నెలలకు. ప్రతి డోసూ స్టిక్కర్‌తో, తేదీతో కార్డులో పడాలి, ఆ కార్డు కుక్కతోపాటు కొత్తింటికి వెళ్తుంది.

నులిపురుగుల మందు చిన్నపిల్లలకు రెండు వారాలకోసారి వేస్తారు, మోతాదు బరువును బట్టి వెట్ చెప్పాలి. మలంలో సేమియా లాంటివి కనపడితే భయపడకండి, మందు పనిచేస్తోంది. వానాకాలంలో పిడుదులు (మా వైపు గోమార్లంటారు) చెవుల్లో, వేళ్ళ మధ్య ఉంటాయి, రోజూ వేళ్ళతో తడిమి చూడాలి, వాటి వల్ల వచ్చే టిక్ ఫీవర్ కుక్కను నెలరోజులు లేవనివ్వదు. కానీ పెద్ద కుక్కల స్ప్రే, పౌడర్ పసిదానికి కొట్టొద్దు, కుక్కల మందు పిల్లికి అసలే వద్దు. గజ్జి ఉన్నదానికి కాలిన ఇంజిన్ ఆయిల్ పూయమని ఎవరో ఒకాయన తప్పకుండా చెప్తాడు. నవ్వి ఊరుకోండి, అది నాకితే కాలేయం, కిడ్నీలు పోతాయి.

పళ్ళు గుచ్చుకుంటే

కుక్కపిల్ల కొరకడం ఆటే. కానీ రేబిస్ చిన్నపిల్లకు కూడా ఉండొచ్చు, లక్షణాలు కనపడ్డాక మనిషికైనా కుక్కకైనా దాదాపు మందు లేదు. నెత్తురొచ్చేలా పన్ను దిగినా, గోరు గీరుకున్నా సబ్బు పెట్టి పారే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు గడియారం చూసి కడగండి, పసుపూ కారం పెట్టొద్దు, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి. టీకాలు చేతికి వేస్తారు, కండరానికైతే 0, 3, 7, 14, 28 రోజుల్లో. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదుల కాలం ఎప్పుడో పోయింది. ఫాస్టరింగ్ మళ్ళీ మళ్ళీ చేస్తారనుకుంటే ముందుజాగ్రత్త టీకాల గురించి డాక్టర్‌ను అడిగి వేయించుకోండి, నేను వేయించుకున్నాను.

కొత్తింటికి పనికొచ్చే చదువు

షేక్‌హ్యాండ్ నేర్పొద్దు. పేపర్ మీద ఒంటికి పోయడం, ఒంటరిగా అరగంట ఉండటం, మెడకు బెల్టు, కాళ్ళు, చెవులు, నోరు ముట్టుకుంటే ఊరుకోవడం, ఇవి నేర్పితే చాలు. లేవగానే, తిన్న పది నిమిషాలకు, ఆట ఆపగానే పేపర్ దగ్గరికి తీసుకెళ్ళండి, పోస్తే అక్కడికక్కడే మెచ్చుకోండి. వేరేచోట పోస్తే మూతిని అందులో రుద్దడం మన ఊళ్ళలో పాత పద్ధతి, దాంతో అది నేర్చుకునేది ఒక్కటే, మనకు కనపడకుండా సోఫా వెనక పోయడం. మిక్సీ, కుక్కర్ విజిల్, వాషింగ్ మెషిన్ చప్పుళ్ళు దూరం నుంచి అలవాటు చేయండి. దీపావళి వారంలో మాత్రం కొత్త ఫాస్టర్‌ను తెచ్చుకోకండి, ఆ భయం వదిలించడానికి నెలలు పడుతుంది.

ఎవరికిస్తున్నాం

ఫొటో పగటి వెలుతురులో, దాని కళ్ళ ఎత్తులో మీరు నేలమీద కూర్చుని తీయండి. పక్కన మనిషి చేయి ఉంటే సైజు తెలుస్తుంది. రాసేటప్పుడు నిజం రాయండి: "రాత్రి రెండుసార్లు లేస్తుంది, చెప్పులు కొరుకుతుంది, మగవాళ్ళను చూస్తే దాక్కుంటుంది, పెద్దయ్యాక మధ్యరకం సైజు అవ్వొచ్చు." ఈ రాత చూసి తగ్గిపోయిన వాళ్ళు రేపు వెనక్కి తెచ్చేవాళ్ళే.

ఎంపిక షెల్టర్‌దే, కానీ మీకు తెలిసింది వాళ్ళకు చెప్పండి. ఫోన్లో నేనడిగేవి: ఇంట్లో పగలెవరుంటారు, సంక్రాంతికి ఊరెళ్తే దీన్నేం చేస్తారు, ఇంతకుముందు కుక్క ఉండేదా, అదేమైంది? ఈ ఆఖరి ప్రశ్నకు వచ్చే జవాబులోనే అంతా తెలిసిపోతుంది. "గేటు దగ్గర కట్టేస్తాం, కాపలాకి" అన్నవాళ్ళకూ, "మా పాప బర్త్‌డేకి సర్‌ప్రైజ్" అన్నవాళ్ళకూ నేను వద్దనే చెప్తాను. వయసొచ్చాక ఆపరేషన్ చేయిస్తామని రాతపూర్వకంగా ఒప్పుకోవాలి.

అప్పగింతలు

పొద్దున పూట పెట్టుకోండి, కొత్తింట్లో దానికి పగలంతా ఉంటుంది చీకటి పడేలోపు అలవాటు పడ్డానికి. టీకాల కార్డు, వారం రోజుల తిండి, తినే టైముల చీటీ, అది పడుకున్న పాత చీర ఉతక్కుండా ఇవ్వండి. ఆ వాసనే దానికి తెలిసిన ఊరు. మొదటి మూడు రోజులు బెదురుగా ఉండొచ్చు, మూడు వారాలకు కుదురుతుంది, పూర్తిగా వాళ్ళదవడానికి మూడు నెలలు పడుతుందని కుక్కలు పెంచేవాళ్ళు చెప్పే లెక్కను వాళ్ళకూ చెప్పండి, కచ్చితంగా అలాగే జరగకపోయినా మొదటి వారంలోనే నిరాశపడకుండా ఉంటారు.

ఉంచేసుకుందాం అనిపిస్తుంది. నాకు ప్రతిసారీ అనిపించింది. ఉంచుకోవడం తప్పు కాదు, కాకపోతే ఆ రోజుతో మీ ఇల్లు ఫాస్టర్ ఇల్లు కాకుండా పోవచ్చని తెలిసి ఉంచుకోండి. మా ఆయన పిల్ల వెళ్ళే రోజు ఆఫీసులో మీటింగ్ పెట్టుకుంటాడు, ఏ నెలా తప్పలేదు.

వెళ్ళాక గదంతా బ్లీచ్‌తో కడిగి, గోనెసంచి పారేసి, గిన్నెలు రెండు రోజులు ఎండలో పెట్టండి. షెల్టర్ నుంచి ఇంకో పిల్ల ఉందని మర్నాడే ఫోన్ వస్తుంది, అప్పుడే ఒప్పుకోకండి. కొత్తింట్లో కుదరక వెనక్కి వచ్చేవి ఎక్కువగా మొదటి వారంలోనే వచ్చాయి నాకు, మూడుసార్లు. ఆ వారం గది ఖాళీగానే ఉంచండి.